డిజిటల్ ఫోటో ఫ్రేము మొరాయిస్తే...



మేమిద్దరం అక్కాతమ్ముళ్ళం. ఒకరిది పదో తరగతి, ఒకరిది ఏడో తరగతి. నాన్నగారిది బదిలీల ఉద్యోగం. నాగపూర్, జైపూర్ అయ్యాయి. ఇప్పుడు షిల్లాంగ్‌లో ఉన్నాం. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, మనలాంటి ఇళ్ళలో గోడలకు మేకులు కొట్టి ఫోటోలు తగిలించడం తక్కువ. క్వార్టర్స్ ఖాళీ చేసేటప్పుడు ఆ మేకులు పీకాలి, కన్నాలు పూడ్చాలి, అద్దాలు పగలకుండా ఫోటోలను దుప్పట్లలో చుట్టాలి. ఈ బాధ లేకుండా నాన్నగారు జైపూర్‌లో ఉండగా ఒక డిజిటల్ ఫోటో ఫ్రేము కొన్నారు. పలక అంత ఉంటుంది. బల్ల మీద నిలబెట్టి, కరెంటు ఇస్తే ఒకదాని తరవాత ఒకటిగా వందల ఫోటోలు చూపిస్తుంది.

రెండేళ్ళ కిందట కాకినాడలో మా తాతయ్య పోయారు. అప్పటినుంచి నాయనమ్మ మా దగ్గరే ఉంటోంది. షిల్లాంగ్‌లో మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళు లేరు. సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని ఆ ఫ్రేము ముందు కూర్చోవడం నాయనమ్మకు అలవాటు. కాకినాడ ఇల్లు, వాకిట్లో తులసికోట, తాతయ్య పడకకుర్చీ, పెదనాన్న పెళ్ళి, అన్నీ అందులోనే కనిపిస్తాయి. కాబట్టి ఫ్రేము ఆగిపోతే మా ఇంట్లో అది చిన్న విషయం కాదు. "ఏమర్రా, మీ తాతయ్య ఇవాళ రాలేదేం?" అని అడుగుతుంది నాయనమ్మ.

ఈ ఏడాది మా ఫ్రేము మమ్మల్ని చాలా రకాలుగా ఏడిపించింది. ఒక్కొక్కటీ ఎలా బాగుచేసుకున్నామో, ఎక్కడ పెద్ద పొరపాటు చేశామో మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం. మీ ఇంట్లో ఫ్రేము లేకపోయినా ఫోన్‌లోనో కార్డులోనో ఫోటోలు ఉంటాయి కదా. అందుకని చివరిదాకా చదవండి.

ముందుగా నాలుగు ప్రశ్నలు

ఫోటో ఫ్రేము లోపల పెద్ద మాయ ఏమీ లేదు. ఒక ఎల్‌సీడీ తెర, దాని వెనక ఒక చిన్న కంప్యూటర్ చిప్పు, కొంచెం మెమరీ, కార్డు పెట్టే గాడి, కరెంటు వచ్చే తీగ. చిప్పు కార్డులోంచి ఒక ఫైలు తీసి చదువుతుంది. నొక్కిపెట్టి ఉన్న ఆ ఫైలును విప్పుతుంది. తెర కొలతకు సరిపడేలా కుదిస్తుంది. చూపిస్తుంది. కొన్ని సెకన్లు ఆగి మరో ఫైలు తీస్తుంది. అంతే దాని పని.

అందుకని ఏ సమస్య వచ్చినా నాలుగు ప్రశ్నలు వరసగా వేసుకోవాలి. కరెంటు అందుతోందా? కార్డు అందుతోందా? ఫైలు దానికి అర్థమవుతోందా? తెర బాగుందా? మొదటిది తేలకుండా రెండోదానికి వెళ్ళకూడదు. మేము ఈ వరస పాటించని రోజున గంటలు గంటలు వృథా అయ్యాయి.

అసలు వెలగడం లేదు

షిల్లాంగ్ వచ్చాక అట్టపెట్టెలు విప్పి ఫ్రేముకు కరెంటు ఇచ్చాం. వెలగలేదు. లారీలో అదిరి పాడైపోయిందనుకున్నాం. తరవాత చూస్తే మేము పెట్టింది వైఫై రూటర్ అడాప్టరు! ఇంటి సామాను సర్దేటప్పుడు అడాప్టర్లన్నీ ఒకే సంచిలో వేస్తాం. నల్లగా అన్నీ ఒకేలా ఉంటాయి. కొన్నిటి పిన్నులు కూడా ఒకేలా ఉంటాయి. అక్కడే ప్రమాదం.

అడాప్టరు మీద సన్నని అక్షరాలతో ఒక చీటీ ఉంటుంది. అందులో 'ఔట్‌పుట్' అన్న చోట చూడండి. మా ఫ్రేముకు కావలసింది 5 వోల్టులు, 2 ఆంపియర్లు. రూటర్ అడాప్టరు ఇచ్చేది 12 వోల్టులు. మా అదృష్టం కొద్దీ దాని పిన్ను పూర్తిగా దిగలేదు. దిగి ఉంటే ఫ్రేము కాలిపోయేదే.

ఇక్కడ మూడు సూత్రాలు గుర్తుంచుకోవాలి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఎక్కువా తక్కువా పనికిరావు. ఆంపియర్లు ఫ్రేము అడిగినంత గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉండవచ్చు. ఎందుకంటే అడాప్టరు మీద రాసిన ఆంపియర్లు అది ఇవ్వగలిగిన గరిష్ఠం మాత్రమే. పరికరం తనకు కావలసినంతే తీసుకుంటుంది. మూడోది, పిన్ను మధ్యలో ప్లస్సో మైనస్సో చూపించే చిన్న బొమ్మ చీటీ మీద ఉంటుంది. ఫ్రేము వెనక కూడా అదే బొమ్మ ఉండాలి.

అడాప్టరు సరైనదే అయినా వెలగకపోతే ప్లగ్గును మరో సాకెట్లో పెట్టి చూడండి. తీగ మడతపడిన చోట లోపల తెగి ఉండవచ్చు. అడాప్టరును మాత్రం ఎప్పుడూ విప్పకండి. అందులోకి వచ్చేది 230 వోల్టుల ఇంటి కరెంటు. కొత్త అడాప్టరు కొనుక్కోవాలి, అంతే.

పనిలో పనిగా ఒక లెక్క. 5 వోల్టులను 2 ఆంపియర్లతో గుణిస్తే 10 వాట్లు. రోజుకు 10 గంటలు వెలిగితే 100 వాట్-అవర్లు. అంటే ఎక్కువలో ఎక్కువ పది రోజులకు ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. "కరెంటు దండగరా, ఆపెయ్యండి" అనే నాయనమ్మకు ఈ లెక్క చెప్పాక కాస్త నెమ్మదించింది.

పగలు నిద్ర, రాత్రి మెలకువ

సరైన అడాప్టరు పెట్టాక ఫ్రేము వెలిగింది. కానీ మధ్యాహ్నం దానంతటదే ఆరిపోయేది. అర్ధరాత్రి వెలిగి గదంతా వెలుతురు చేసేది. దయ్యం పట్టిందని చిన్నవాడు భయపడ్డాడు కూడా.

కారణం తెలిశాక నవ్వొచ్చింది. చాలా ఫ్రేముల్లో 'ఉదయం ఇన్ని గంటలకు వెలుగు, రాత్రి ఇన్ని గంటలకు ఆరు' అని సమయం పెట్టుకునే ఏర్పాటు ఉంటుంది. జైపూర్‌లో ఉండగా నాన్నగారు అలా పెట్టారు. సామాను దారిలో ఉన్నన్నాళ్ళూ ఫ్రేముకు కరెంటు లేదు. దాని గడియారం మొదటికి వచ్చేసింది. మన రాత్రి దానికి పగలైంది. సెట్టింగుల్లోకి వెళ్ళి తేదీ, సమయం సరిచేస్తే దయ్యం వదిలింది.

కొన్ని ఫ్రేముల్లో గడియారం కోసం రూపాయి బిళ్ళలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయిన ప్రతిసారీ సమయం తప్పుతుంటే ఆ బ్యాటరీ అయిపోయిందని అర్థం. పెద్దవాళ్ళ చేత మార్పించండి. తీసిన పాత బ్యాటరీని ఇంట్లో పసిపిల్లలకు అందేలా పెట్టకండి. మింగితే చాలా ప్రమాదం.

కార్డు ఉన్నా 'కార్డు లేదు' అంటోంది

ఇది రెండో ప్రశ్న. ముందు ఫ్రేమును ఆపి, కార్డు తీసి, దాని మీద ఉండే బంగారు రంగు పట్టీలను పొడిగా ఉన్న మెత్తటి గుడ్డతో మెల్లగా తుడవండి. జైపూర్ దుమ్మూ షిల్లాంగ్ వానాకాలం తేమా రెండూ ఆ పట్టీలకు శత్రువులే. మళ్ళీ 'టిక్' మనేదాకా నొక్కి పెట్టండి. చిన్న మైక్రో ఎస్‌డీ కార్డును పెద్ద తొడుగులో పెట్టి వాడుతుంటే, తొడుగు మార్చి చూడండి. చాలాసార్లు తప్పు తొడుగుదే.

అప్పటికీ చదవకపోతే కార్డు సైజు చూడండి. ఎస్‌డీ కార్డులు 1999లో వచ్చాయి. మొదటి రకం 2 జీబీ వరకు, తరవాతి రకం 32 జీబీ వరకు, ఆ పైన మరో రకం. 32 జీబీ దాటిన కార్డుల్లో ఫైళ్ళను అమర్చే పద్ధతే వేరు. పాత ఫ్రేములకు ఆ పద్ధతి తెలియదు. కొత్త కార్డు కదా, 128 జీబీ కదా అని కొంటే, పాత ఫ్రేము దాన్ని ఖాళీ కార్డు అనో, చెడిన కార్డు అనో అనుకుంటుంది. 32 జీబీ కార్డు చాలు. ఒక్కో ఫోటో 4 ఎంబీ అనుకున్నా అందులో దాదాపు 8,000 ఫోటోలు పడతాయి.

కొన్ని ఫోటోలే కనిపించడం లేదు

కార్డు చదువుతోంది. కానీ అమ్మ ఫోన్‌లో తీసినవి వస్తాయి, బాబాయి ఫోన్‌లో తీసినవి రావు. ఇది మూడో ప్రశ్న, ఫైలు అర్థమవడం.

ఫోటోను దాచే పద్ధతులు చాలా ఉన్నాయి. ఫ్రేములన్నిటికీ బాగా తెలిసినది జేపెగ్. ఇది 1992లో ప్రమాణంగా వచ్చింది. ఐఫోన్లు 2017 నుంచి హెచ్‌ఈఐసీ అనే కొత్త పద్ధతి వాడుతున్నాయి. అందులో ఫోటో తక్కువ చోటు తీసుకుంటుంది. కానీ చాలా ఫ్రేములకు అది అర్థం కాదు. బాబాయిది ఐఫోను! కెమెరా సెట్టింగుల్లో 'మోస్ట్ కంపాటిబుల్' అని ఎంచుకుంటే ఇకమీదట తీసే ఫోటోలు జేపెగ్‌లో వస్తాయి. ఇప్పటికే ఉన్నవాటిని కంప్యూటర్లో తెరిచి జేపెగ్‌గా సేవ్ చేసుకోవాలి.

జేపెగ్‌లోనూ ఒక తిరకాసు ఉంది. ఇంటర్నెట్ నుంచి దించుకున్న కొన్ని ఫోటోలు ముందు మసకగా, తరవాత మెల్లగా స్పష్టంగా వచ్చేలా తయారై ఉంటాయి. వాటిని 'ప్రోగ్రెసివ్' అంటారు. కొన్ని ఫ్రేములు వాటిని చూపించలేవు. కంప్యూటర్లో పెయింట్ ప్రోగ్రాములో తెరిచి, మరో పేరుతో జేపెగ్‌గా సేవ్ చేస్తే సరిపోతుంది.

తలలు పక్కకు వాలిపోయాయి

నాగపూర్ స్కూల్లో మా వీడ్కోలు రోజు ఫోటోల్లో అందరూ పక్కకు పడుకుని ఉన్నట్టు కనిపించేవారు. ఫోన్‌లో చూస్తే నిలువుగానే ఉన్నారు. ఏమిటీ వింత?

ఫోన్‌ను నిలువుగా పట్టుకున్నా అడ్డంగా పట్టుకున్నా లోపలి కెమెరా చాలావరకు ఒకే దిశలో ఫోటో తీస్తుంది. ఫోన్‌లోని సెన్సారు భూమి ఎటువైపు ఉందో కనిపెట్టి, 'చూపించేటప్పుడు దీన్ని తిప్పండి' అని ఫైలులో ఒక చిన్న చీటీ రాసిపెడుతుంది. ఈ చీటీల పద్ధతిని ఎగ్జిఫ్ అంటారు. ఫోటో తీసిన తేదీ, సమయం కూడా అందులోనే ఉంటాయి. ఫోనూ కంప్యూటరూ చీటీ చదివి ఫోటోను తిప్పి చూపిస్తాయి. కొన్ని ఫ్రేములు చీటీని పట్టించుకోవు. అందుకని కంప్యూటర్లో ఫోటోను నిజంగానే తిప్పి సేవ్ చేయాలి. అప్పుడు చీటీ అవసరం ఉండదు.

మొహాలు సాగిపోయాయన్నా, తలలు తెగిపోయాయన్నా కారణం వేరు. చాలా ఫోన్లు తీసే ఫోటో వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలో ఉంటాయి. ఫ్రేము తెర 16:9 కావచ్చు, మరోలా కావచ్చు. 'తెర నిండా' అని పెడితే ఫోటో సాగుతుంది, లేదా కత్తిరింపు పడుతుంది. 'ఉన్నది ఉన్నట్టు' అనే అర్థం వచ్చే సెట్టింగు పెడితే పక్కన నల్లటి పట్టీలు వస్తాయి. కానీ మనిషి మనిషిలా ఉంటాడు. నాయనమ్మ ఓటు నల్లపట్టీలకే.

నత్తనడక నడుస్తోంది

ఒక ఫోటో నుంచి మరో ఫోటోకు వెళ్ళడానికి ఫ్రేము చాలాసేపు తీసుకుంటోందా? మధ్యలో ఆగిపోతోందా? దాని మీద మోయలేని బరువు పెట్టి ఉంటాం.

1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ అనే ఇంజనీరు, ఆయన బృందం మొదటిసారి ఒక ఫోటోను కంప్యూటర్లోకి ఎక్కించారు. అది మూడు నెలల తన కొడుకు ఫోటో. అడ్డంగా 176 చుక్కలు, నిలువుగా 176 చుక్కలు. మొత్తం 30,976. కంప్యూటర్లోకి ఎక్కిన ఆ మొదటి ఫోటో ఒక నాన్న దాచుకున్న ఇంటి ఫోటో కావడం మాకు చాలా నచ్చింది. ఇప్పటి ఫోన్ తీసే 12 మెగాపిక్సెల్ ఫోటోలో 4,000ను 3,000తో గుణిస్తే వచ్చేన్ని, అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు ఉంటాయి. మా ఫ్రేము తెర 1024 బై 600. అంటే ఆరు లక్షల పద్నాలుగు వేల చిల్లర చుక్కలు. ఫోటోలో ఉన్నవాటిలో దాదాపు ఇరవయ్యో వంతు. ఆ చిన్న చిప్పు కోటీ ఇరవై లక్షల చుక్కలనూ విప్పి, వాటిలో ఎక్కువ భాగం పక్కన పడేసి, మిగిలినవి చూపించాలి. ఆయాసపడక ఏం చేస్తుంది?

అందుకని ఫ్రేము కోసం విడిగా చిన్న కాపీలు తయారు చేయండి. వెడల్పు 1,280 చుక్కలు ఉంటే చిన్న ఫ్రేముకు చాలు. అసలు ఫోటోను మాత్రం అలాగే ఉంచండి. కుదించిన ఫోటోను మళ్ళీ పెద్దది చేస్తే పోయిన వివరం తిరిగి రాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలు కూడా ఇలా కుదించినవే. అసలు ఫోటోనే పంపాలంటే 'డాక్యుమెంట్'గా పంపాలి.

వైఫై ఫ్రేములు ఉన్నవాళ్ళకు

మా ఫ్రేముకు వైఫై లేదు. మా స్నేహితుల ఇంట్లో ఉన్నదానికి ఉంది. ఎక్కడో ఉన్న తాతగారు ఫోన్‌లోంచి పంపిన ఫోటో ఇక్కడ తెర మీద ప్రత్యక్షమవుతుంది. బదిలీ అయ్యాక దానికి వచ్చిన చిక్కు, కొత్త ఇంటి వైఫై కనిపించకపోవడం. చాలా ఫ్రేములకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది. రూటరు 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఇస్తుంటే అవి దాన్ని చూడలేవు. రూటరు సెట్టింగుల్లో రెండోదాన్ని కూడా ఆన్ చేయించాలి. గెస్ట్ హౌసులు, హాస్టళ్ళలో పేరూ పాస్‌వర్డూ అడిగే పేజీ తెరుచుకునే వైఫై ఉంటుంది. చాలా ఫ్రేములకు ఆ పేజీని నింపే దారి ఉండదు. అక్కడ పెద్దవాళ్ళ ఫోన్ హాట్‌స్పాటే గతి.

తెర జాగ్రత్త

నాలుగో ప్రశ్న తెర. తడిగుడ్డతో తుడవకండి, దాని మీద ఏ ద్రవమూ నేరుగా చల్లకండి. కళ్ళజోడు తుడిచే మెత్తటి పొడిగుడ్డ చాలు. ఎండ నేరుగా పడే చోట పెట్టకండి. ఒకటో రెండో చుక్కలు నల్లగా ఉండిపోతే అది తెర లోపమే, ఇంట్లో బాగుపడదు, కానీ మిగతా తెరకు ఏమీ కాదు. చలిప్రదేశంలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన వెంటనే ఆన్ చేయకండి. లోపల ఆవిరి నీటి బొట్లుగా పేరుకునే అవకాశం ఉంది. రెండు గంటలు ఆగండి. సర్దేటప్పుడు కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టెలో వేస్తే తేమ పీల్చుకుంటాయి.

మేము చేసిన పెద్ద పొరపాటు

ఇప్పుడు అసలు సంగతి.

జూన్‌లో ఒకరోజు కొత్త ఫోటోలు ఫ్రేము కార్డులోకి ఎక్కిస్తున్నాం. సగంలో కరెంటు పోయింది. మళ్ళీ వచ్చాక ఫ్రేము తెర మీద 'కార్డు చదవడం కుదరడం లేదు. ఫార్మాట్ చేయాలా?' అన్న అర్థం వచ్చే మాట ఇంగ్లీషులో కనిపించింది. కింద 'ఎస్', 'నో'. మా ఇద్దరిలో ఎవరు నొక్కారో ఇప్పుడు చెప్పుకోం. 'ఎస్' నొక్కాం. నిమిషంలో కార్డు ఖాళీ.

మొదట మేమేమీ కంగారు పడలేదు. నాన్నగారి ఫోన్‌లో ఉంటాయి కదా అనుకున్నాం. అప్పుడు గుర్తొచ్చింది. జైపూర్‌లో ఉండగా 'ఫోన్‌లో జాగా లేదు' అని పాత ఫోటోలన్నీ కార్డులోకి ఎక్కించి, ఫోన్‌లోంచి తీసేసింది మేమే. తాతయ్య చివరి రెండేళ్ళ ఫోటోలు ఆ కార్డులో తప్ప ఇంకెక్కడా లేవు.

ఆ సాయంత్రం నాయనమ్మ టీ గ్లాసుతో వచ్చి కూర్చుంది. తెర నల్లగా ఉంది. "కరెంటు లేదా?" అంది. మేము అవునన్నాం. లైటు వెలుగుతూనే ఉంది. నాయనమ్మ లైటు వంక చూసింది, మా వంక చూసింది, ఏమీ అనలేదు.

మరునాడు కార్డును కవర్లో పెట్టుకుని స్కూల్లో కంప్యూటర్ సార్ దగ్గరికి వెళ్ళాం. ఆయన మొదట అడిగింది ఒక్కటే: "ఫార్మాట్ అయ్యాక ఈ కార్డులో కొత్తగా ఏమైనా ఎక్కించారా?" లేదన్నాం. "అయితే ఆశ ఉంది" అన్నారు.

ఎందుకు ఆశ ఉందో ఆయన చెప్పింది మీకూ చెబుతాం. మనం టీ.సీ. తీసుకున్న రోజున హాజరు పట్టీలో మన పేరు కొట్టేస్తారు. కానీ కొత్త పిల్లవాడు వచ్చి కూర్చునేదాకా మన సీటు ఖాళీగానే ఉంటుంది. డెస్కు మీద మనం గీసిన గీతలు కూడా అలాగే ఉంటాయి. కార్డులోనూ అంతే. ఫోటో తీసేసినప్పుడు గానీ, మామూలుగా ఫార్మాట్ చేసినప్పుడు గానీ పట్టీలో పేరు మాత్రమే పోతుంది. ఫోటో తాలూకు చుక్కలు ఉన్నచోటే ఉంటాయి. ఆ చోట కొత్త ఫోటో వచ్చి కూర్చుంటే మాత్రం పాతది పోయినట్టే. అందుకే ప్రమాదం జరిగిన వెంటనే కార్డును బయటికి తీసి, ఇక దాన్ని వాడకుండా పక్కన పెట్టాలి.

సార్ ముందు కార్డు మొత్తానికి కంప్యూటర్లో ఒక నకలు తీశారు. వెతుకులాట ఆ నకలు మీదే చేశారు, అసలు కార్డును మళ్ళీ ముట్టుకోలేదు. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము వాడారు. ప్రతి జేపెగ్ ఫైలూ ఒకే రకమైన గుర్తుతో మొదలవుతుంది. ప్రోగ్రాము ఆ గుర్తును వెతుక్కుంటూ పోయి, దొరికిన ఫోటోలను కంప్యూటర్లో మరోచోట దాస్తుంది. కార్డులో 600 పైచిలుకు ఫోటోలుండేవి. 540 దాకా దొరికాయి. కొన్ని సగమే దొరికాయి. పైసగం ఫోటో, కిందిసగం బూడిదరంగు. తాతయ్య పడకకుర్చీలో కూర్చున్న ఫోటో వాటిలో ఒకటి.

ఇంటికొచ్చి నాయనమ్మకు అంతా చెప్పేశాం, లైటు సంగతితో సహా. ఆ సగం ఫోటో చాలాసేపు చూసింది. "పోనీలెండర్రా, మొహం దక్కింది. కుర్చీ పోతే పోయింది, అది ఎలాగూ విరిగిపోయిందేగా" అంది.

పేర్లు పోయిన ఫోటోలు

ఇలా తిరిగొచ్చిన ఫోటోలకు పాత పేర్లూ ఫోల్డర్లూ ఉండవు. అన్నీ అంకెలే. 'పెదనాన్న పెళ్ళి', 'కాకినాడ ఇల్లు' అని మేము పెట్టుకున్న ఫోల్డర్లు పోయాయి. సగానికి పైగా ఫోటోల్లో ఎవరు ఎవరో మాకు తెలియదు. తెలిసింది నాయనమ్మకు ఒక్కదానికే.

వేసవి సెలవుల్లో రోజూ గంటసేపు నాయనమ్మ చెబుతుంటే ఒకరం నోట్‌బుక్కులో రాశాం, ఒకరం కంప్యూటర్లో పేరు మార్చాం. ముందు సంవత్సరం, తరవాత ఊరు, తరవాత మనుషులు. ఉదాహరణకు '2019 కాకినాడ తాతయ్య పెద్దత్త'. ముందు సంవత్సరం ఉంటే ఫోటోలు వాటంతటవే కాలం వరసలో నిలబడతాయి. తాతయ్య పక్కన నిలబడ్డ ఒకాయన ఆయనకు సైకిలు తొక్కడం నేర్పిన స్నేహితుడని మాకు అప్పుడే తెలిసింది. కార్డు పాడవకపోతే ఈ సంగతి ఎప్పటికీ అడిగేవాళ్ళం కాదేమో.

వచ్చే బదిలీకి ముందు

ఫ్రేము చూపించే పరికరమే గాని, దాచే పెట్టె కాదు. మా అనుభవంలో తేలింది ఇదే. కార్డులో ఫోటోలు అతిసూక్ష్మమైన గదుల్లో బంధించిన విద్యుదావేశం రూపంలో ఉంటాయి. ఏళ్ళ తరబడి వాడకుండా సొరుగులో పడేస్తే ఆ ఆవేశం మెల్లగా కారిపోవచ్చు కూడా. కాబట్టి కంప్యూటర్లు తెలిసినవాళ్ళు చెప్పే 3-2-1 సూత్రం పాటించాలి. ప్రతి ముఖ్యమైన ఫోటోకు మూడు కాపీలు. అవి కనీసం రెండు రకాల వస్తువుల మీద. వాటిలో ఒకటి వేరే ఊళ్ళో.

మూడో మాట మనలాంటివాళ్ళకు చాలా ముఖ్యం. మన సామానంతా ఒకే లారీలో ఎక్కుతుంది. ఆ లారీ వానలో తడిసిందంటే ఫ్రేము, కంప్యూటరు, కార్డు అన్నీ ఒకేసారి తడుస్తాయి. ఇప్పుడు మా ఫోటోలు ఇంటి కంప్యూటర్లో ఒక కాపీ, బయటి హార్డ్‌డిస్కులో ఒక కాపీ, కాకినాడలో పెదనాన్న బీరువాలో పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉన్నాయి. ఫ్రేములో ఉన్నవి కుదించిన నకళ్ళు మాత్రమే. అవి పోయినా బాధ లేదు. బాగా ముఖ్యమైన ఓ ఇరవై ఫోటోలు కాగితం మీద కూడా వేయించాం. వాటికి అడాప్టరు అక్కర్లేదు.

మీకు బదిలీ ఆర్డరు వస్తే, పెట్టెలు కట్టే ముందు ఒక ఆదివారం ఈ పనులు చేయండి.

ఫ్రేములోని కార్డును కంప్యూటర్లోకి కాపీ చేసి, కాపీలు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఫ్రేము సొంత మెమరీలో ఫోటోలుంటే అవి కూడా తీసుకోండి. ఎందుకంటే 'ఫ్యాక్టరీ రీసెట్' చేయాల్సి వస్తే అవి చెరిగిపోవచ్చు.

అడాప్టరుకు ఒక కాగితం అంటించి 'ఫోటో ఫ్రేము, 5 వోల్టులు' అని మీ ఫ్రేము వోల్టులు రాయండి. దాన్ని ఫ్రేముతోనే ఒకే డబ్బాలో పెట్టండి.

కార్డు తీసి మీ స్కూలు సంచిలో వేసుకోండి. లారీలో పంపకండి.

తెర 'ఫార్మాట్ చేయాలా?' అని ఎప్పుడు అడిగినా 'నో' నొక్కండి. తరవాత పెద్దవాళ్ళను పిలవండి.

అన్నిటికంటే ముందు ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఫోటోల్లో ఎవరెవరో అడిగి రాసుకోండి. పోయిన ఫోటోలను వెతికిపెట్టే ప్రోగ్రాములు ఉన్నాయి గాని, పోయిన పేర్లను వెతికిపెట్టేవి లేవు.

ఇప్పుడు మా ఫ్రేము బాగానే పనిచేస్తోంది. సాయంత్రం ఆరింటికి టీ వస్తుంది, నాయనమ్మ వస్తుంది, తాతయ్య కూడా వస్తాడు, పైసగం మాత్రమే.